పంటిలోపలి ప్రాణము: దంతధాతువు, దంతమజ్జ

గోళ్ళు తీయించుకొనునపుడు నొప్పి లేదు; వెండ్రుకలు కత్తిరించుకొనునపుడు నొప్పి లేదు; మరి శరీరమునందెల్ల మిక్కిలి గట్టిదని పేరువడసిన పన్ను మాత్రము చల్లని నీరు తాకినంతనే యేల జివ్వుమనవలెను? ఈ ప్రశ్న పుట్టని యిల్లుండదు. మాఘశుద్ధ పంచమినాడు తెల్లవారుజామున బాసర రేవున గోదావరిలో మునిగి, దోసెడు నీరు పుక్కిట బట్టి, మరుక్షణమే ఆ నీటిని ఉమిసి చెంప నదుముకొనువారిని ఎందరినైనను చూడవచ్చును. జ్ఞానసరస్వతీ దర్శనమునకు బోవు తొందరలో వారు ఆ నొప్పిని మరచిపోదురు. అదియు రెండు క్షణములలో తనంత తానే మాయమగును. పంటికి పురుగు పట్టినదని కొందరును, చలువ చేసినదని కొందరును, వయసు మీదబడినదని కొందరును చెప్పి యూరకుందురు. అయితే ఆ రెండు క్షణముల బాధలో పంటి నిర్మాణమంతయు ఇమిడియున్నది. పన్ను దవడలో నాటబడిన జడపదార్థము కాదు, తనకు తగిన రక్తమును, నాడులను, కణములను గలిగి, గాయమైనచో కొంతవరకు తన్ను తాను బాగుచేసికొనగల సజీవమైన అవయవము. ఈ యొక్క సంగతి మనసునకు బాగుగ ఎక్కినచో, పంటినొప్పి విషయమున మనము తరతరములుగా చేయుచున్న పొరపాట్లలో పెక్కు తొలగిపోవునని నా దృఢవిశ్వాసము.

పింగాణి చాటున నున్నది

ఒక దవడపన్నును నిలువుగా కోసి, కోసిన తలమును సానబట్టి చూచినచో, మొదట కంటికి గానవచ్చునది తెల్లగా మెరయు పైపొర. దీనిని మనవారు పింగాణి యందురు. వైద్యులు ఎనామిల్ అని వ్యవహరింతురు. బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే యైన యీ పొర శరీరములోని పదార్థములన్నిటిలో కఠినతమమైనది. కాని దానిని నిర్మించిన కణములు, పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చునప్పటికే నశించిపోవును. కావున పింగాణిలో నరము లేదు, రక్తము లేదు, అరిగినదానిని పూరించుకొను శక్తియు లేదు. నొప్పి యెరుగకుండుటలో గోటికిని వెండ్రుకకును సాటియగు భాగము ఇది.

దాని క్రింద లేత పసుపు వన్నెతో, పంటి దేహములో అధికభాగము నాక్రమించి యుండునది దంతధాతువు. వైద్యగ్రంథములలో డెంటిన్ అనబడునది ఇదియే. పంటికి ఆకారము నిచ్చునది ఇది. రంగు నిచ్చునది కూడ ఇదియే. పలుచని పింగాణిగుండ లోపలి వన్నె తొంగిచూచుటచేతనే ఆరోగ్యవంతుల పండ్లు సైతము సున్నపు తెలుపు గాక కొంచెము పసుపు ఛాయతో నుండును. ఈ సంగతి నెరుగక, పండ్లు పాలతెలుపుగా నుండుటయే ఆరోగ్యమని నమ్మి, బొగ్గుపొడితోను ఇటుకపొడితోను వానిని రాచి రాచి అరగదీయువారి కష్టము చూచిన జాలి కలుగును. వారు తెల్లబరుపదలచిన పసుపు పన్నులోపలిది. రాచినకొలది పింగాణి పలుచనై ఆ పసుపే యింకను స్పష్టముగ బయటపడును.

దంతధాతువును చేతబట్టి చూడగోరువారికి ఏనుగు దంతముకంటె మంచి యుదాహరణము లేదు. ఏనుగు పైదవడలోని కొరుకుడుపన్నే అట్లు పెరిగి వెలుపలికి వచ్చును. అది దాదాపుగ సంపూర్ణముగా దంతధాతువుతోనే నిర్మితమైనది. పూర్వము శిల్పులు దానిపై సన్నని చెక్కడపుపనులు చేయగలిగినది దంతధాతువునకు గల యొక సహజగుణముచేతనే: అది గట్టిదయ్యును పెళుసు గాదు. బరువులో దానియందు సుమారు 70 పాళ్ళు ఖనిజమును, 20 పాళ్ళు జీవపదార్థమును, 10 పాళ్ళు నీరును గలవు. ఖనిజము కాల్షియము, ఫాస్ఫరసు కలిసిన సూక్ష్మస్ఫటికములు. జీవపదార్థములో అధికభాగము కొలాజెన్ అను మాంసకృత్తు నూలుపోగులు. మన చర్మమునకును కండరముల కొసలనుండు స్నాయువులకును బిగువు నిచ్చునది ఈ కొలాజెనే. నమలునపుడు పన్నుపై పడు బరువునకు దంతధాతువు వెంట్రుకవాసి వంగి, మరల నిలుచును. అట్లు వంగగల ఆధారము క్రిందనుండుటచేతనే పెళుసైన పింగాణి పగులక యేండ్లకొలది నిలిచియున్నది.

ఇక వేరు భాగమున పింగాణి లేదు. అచ్చట దంతధాతువును కప్పియుండునది సిమెంటం అనబడు పలుచని పూత మాత్రమే. చిగురు క్రిందికి జారినపుడు నొప్పి యేల వచ్చునో తెలిసికొనుటకు ఈ విషయమును జ్ఞాపకమునందుంచుకొనవలెను.

అన్నిటికిని నడిమి భాగమున, ఖనిజ మేమాత్రమును లేని మెత్తని గుజ్జు గలదు. అది దంతమజ్జ, వైద్యులు పల్ప్ అందురు. వేరు కొనయందలి ఇంచుమించు అర మిల్లీమీటరు రంధ్రముగుండ సన్నని రక్తనాళములును వేయికి పైబడిన నాడీతంతువులును దానిలో ప్రవేశించును. ఒక పంటిలోని మజ్జ యంతయు గూడ ఇంచుమించు ఒక నీటిబొట్టంత పరిమాణము గలది. అంత చిన్నదానిపై పంటి జీవితమంతయు ఆధారపడియున్నది.

మజ్జకును దంతధాతువునకును నడుమ, గోడనానుకొని వరుసతీరి యొక జాతి కణములు నిలిచియుండును. ఇవి దంతజనక కణములు, ఓడొంటోబ్లాస్టులు. ఒక్కొక్క కణము తన తోకను దంతధాతువులోనికి చాచి, తాను వెనుకకు జరుగుచు ముందట ధాతువును పేర్చుకొనుచు వచ్చును. కావున ప్రతి తోక చుట్టును ఒక సన్నని గొట్టము మిగిలిపోవును. హాలెండు దేశపు సూక్ష్మదర్శినీశిల్పి లేవెన్‌హూక్ పంటిని తన కటకముల క్రిందనుంచి యీ గొట్టములను గుర్తించి, లండనులోని రాయల్ సొసైటీకి తెలుపగా, ఆ లేఖ 1678లో ప్రకటితమయ్యెను. ఈ గొట్టముల సంఖ్యను విన్నవారు మొదట నమ్మరు. మజ్జకు దాపున ఒక్క చదరపు మిల్లీమీటరులో ఇవి సుమారు 45 వేలుండును; పింగాణిని సమీపించునప్పటికి తలము విశాలమగుటచే పలుచబడి 20 వేలగును. మజ్జ కొసన వెడల్పు మిల్లీమీటరులో 400వ వంతు. పింగాణి కొసన వేయవ వంతు లేక అంతకును తక్కువ. చూపునకు గట్టిగా, నునుపుగా నున్న దంతధాతువు నిజమునకు లక్షలకొలది ద్రవపూరితములైన గొట్టముల కట్ట.

చలి నొప్పిగా మారు విధము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మజ్జలో నరములున్నవి గనుక నొప్పి కలుగుచున్నదనుట సులభమే గాని, ఆ సమాధానము చాలదు. నాడీతంతువులు గొట్టములలోనికి మజ్జ వైపునుండి మిల్లీమీటరులో పదియవ వంతు, మహా యైనచో ఐదవ వంతు దూరమే చొచ్చును. దంతధాతువుయొక్క వెలుపలి భాగములలో నరమే లేదు. అయినను పింగాణి విరిగినచోట ఆ వెలుపలి తలమును సూదిమొనతో తాకినచో మనిషి ఉలికిపడును. నరము లేనిచోట ఈ నొప్పి యెట్లు కలిగినది? మరియొక విచిత్రమును పరిశోధకులు కనుగొనిరి. చర్మముపై పుండునకు తగిలించినచో భగ్గున మండు రసాయనములను ఆ దంతధాతువుపై నుంచినచో నొప్పి లేదు. చర్మమును తిమ్మిరెక్కించు మందుల నుంచినచో నొప్పి తగ్గుటయు లేదు. కాని గాలి ఊదినను, చక్కెరపాకపు చుక్క వేసినను, చన్నీరు తగిలించినను నొప్పి తక్షణమే కలుగును.

దీనికి సరియైన సమాధానమును 1900 ప్రాంతమున స్విట్జర్లాండు దేశపు ఆల్ఫ్రెడ్ గైసి సూచించెను. 1960 దశకమున స్వీడన్ దేశీయుడగు మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగములచే బలపరచెను. గొట్టములలోని ద్రవము కదలుటయే నొప్పికి కారణమని వారి సిద్ధాంతము. బాసర రేవునకు కొంచెము దిగువన ఒడ్డుపై గాలము వేసి కూర్చున్న మనిషిని పరికించుడు. కొక్కెము నీటిలోతున నెక్కడనో యున్నది. చేప యచ్చట ఎరను ముట్టినది. ఆ ముట్టుట ఒడ్డుననున్న వాని వ్రేలికి అదే క్షణమున తెలిసినది. చేప వ్రేలిని కొరుకలేదు, వ్రేలు నీటిలోనే లేదు. నడుమ బిగువుగానున్న దారము కదలినది, అంతియే. దంతధాతువులో దారము స్థానమున నున్నది గొట్టములోని ద్రవము, వ్రేలి స్థానమున నున్నది మజ్జ యంచున నిలిచిన నాడీకొన. వెలుపలి కొసన ఏ కొంచెము కదలిక కలిగినను లోపలి కొసన లాగుడు తెలియును. దారము వదులైనచో గాని, నడుమ నేదైనను అడ్డుపడి చిక్కుకొన్నచో గాని చేప ఎర నెంత లాగినను జాలరికి తెలియదు. అట్లే గొట్టముల నోళ్ళు మూసికొనిపోయినచో చన్నీరు పుక్కిలించినను పన్నునకు బాధ లేదు.

ఈ సిద్ధాంతముచే అంతయు పొసగుచున్నది. చలి తగిలినపుడు గొట్టములోని ద్రవము సంకోచించి వెలుపలి వైపునకు జరుగును. గాలి ఊదినపుడు ద్రవము ఆవిరియై వెలుపలికే జరుగును. చక్కెరపాకము చిక్కనిదగుటచే ద్రవమును తన వైపునకే లాగుకొనును. వేడి మాత్రము దానిని లోపలికి త్రోయును. లోపలికి జరుగు ద్రవముకంటె వెలుపలికి జరుగు ద్రవమే నాడులను ఎక్కువగ కుదుపునని తేలినది. కావుననే గోరువెచ్చని చాయను హాయిగా త్రాగువారు సైతము మంచునీటికి ఉలికిపడుదురు. కారణము తొలగినంతనే ద్రవము నిలుచును, నొప్పియు నిలుచును.

అయితే కథ అంతటితో ముగియలేదు. దంతజనక కణములలోనే చలిని గుర్తించు ఒక ద్వారము, టీఆర్‌పీసీ5 అను ప్రోటీను, కలదని 2021లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. లవంగనూనెలోని యూజినాల్ అను పదార్థము ఈ ద్వారమునే మూయును. నొప్పి పన్నుపై లవంగమును నొక్కిపట్టుకొను వాడుక మన యిండ్లలో ఏనాటిదో. దాని యౌచిత్యమునకు శాస్త్రాధార మీనాటికి దొరకినది.

గొట్టముల నోళ్ళు వెలుపలికి తెరచుకొనుటకు కారణములు మన దినచర్యలోనే యున్నవి. గరుకుపొడులతో అడ్డముగా గట్టిగా రాచుటచే చిగురు జారి, వేరుభాగము బయటపడును. దానిపైనున్న పలుచని సిమెంటం పొర కొలది కాలములోనే అరిగిపోవును. వేపపుల్ల మంచిదే గాని, దాని కొనను మెత్తగ నమిలి కుంచెగా చేసికొని చిగురునుండి పంటి వైపునకు రాయవలెను. ఎండిన పుల్లతో అడ్డముగ గీకుట హానికరము. చింతపండు, పచ్చిమామిడి నమిలిన వెంటనే పండ్లు తోముకొనరాదు. పులుపు తగిలి మెత్తబడిన పైతలము రాపిడికి త్వరగా పోవును. నీటితో పుక్కిలించి కొంతసేపు ఆగవలెను. అంగడిలో దొరకు జివ్వుమను పండ్లకు తగిన పేస్టులలో కొన్ని గొట్టముల నోళ్ళను మూయును, పొటాసియము నైట్రేటు గలవి నాడి చలనమును శాంతింపజేయును. వీని ప్రయోజనము యథార్థమే. కాని వారములకొలది వాడిననే ఫలితము కానవచ్చును, ఒక్కనాటితో గాదు.

గోదావరి లోయలోని ప్రాచీన దంతములు

బాసర దాటి తూర్పునకు సాగు గోదావరి కాళేశ్వరమువద్ద ప్రాణహితను కలుపుకొనును. ఈ రెండు నదుల లోయలలో, ఆదిలాబాదు సీమయందలి ఆసిఫాబాదు పరిసరములలో, మలేరి అను పల్లె గలదు. ఆ పల్లె పేరనే మలేరి శిలాస్తరములు లోకప్రసిద్ధములైనవి. వానిలో దొరకిన కొన్ని చేపపండ్లను గూర్చి 1859లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ యధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వ్రాసెను. అవి సెరటోడస్ అను జాతివి. ఆ జాతికి అప్పటికి దొరకినవి పండ్లే గాని మరి యే భాగమును గాదు. విశాలమై, అంచున కొమ్ములవలె కొన్ని మిట్టలు గలిగిన ఆ ఫలకముల నమలు తలము ప్రధానముగ దంతధాతువే. ఆ చేప యెట్టిదో తెలియక శాస్త్రజ్ఞులు చాలకాలము ఊహలతో గడపిరి. తుదకు 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులలో అట్టి పండ్లే గల సజీవమైన చేప యున్నదని సిడ్నీ మ్యూజియముయొక్క గెరార్డ్ క్రెఫ్ట్ ప్రకటించెను. అది ఊపిరితిత్తులు గల చేప. దాదాపు 22 కోట్ల యేండ్ల క్రిందటి మలేరి చేపకు చుట్టమెవరో పండ్లే తెలిపినవి.

అదే లోయలో కొంత తరువాతి కాలమునకు చెందిన కోట శిలాస్తరములు గలవు. బరపాసారస్, కోటసారస్ అను మహాకాయములగు రాక్షసబల్లుల యెముకలు దొరకినది వీనిలోనే; కోటసారస్ అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో నేటికిని చూడవచ్చును. ఆ మహాకాయముల కంటె నాకు అద్భుతముగ తోచునది వేరొకటి. ఆ రాళ్ళలోని మన్నును కడిగి జల్లించగా మిల్లీమీటర్లతో కొలువదగిన యొక దవడపన్ను దొరకినది. అది పాలిచ్చు జంతువు పన్ను. పి. ఎం. దత్తా 1981లో దానికి కోటథేరియం హాల్డేనీ యని పేరిడెను. ఇంగ్లండును విడిచి భారతదేశపౌరుడై, భువనేశ్వరమున కన్నుమూసిన జె. బి. ఎస్. హాల్డేన్ స్మృతిచిహ్నముగ ఆ పేరు. భారతదేశమున జురాసిక్ యుగపు క్షీరదమును మొదట మనకు తెలిపినది ఆ యొక్క పన్నే. మన జాతికి దూరపు పూర్వబంధువులు ఆ యుగములో ఆదిలాబాదు నేలపై తిరుగుచుండిరని తెలియుటకు అంతటి చిన్న సాక్ష్యము చాలినది.

ఇన్ని కోట్ల యేండ్లు పన్నేల నిలిచినది? పింగాణియు దంతధాతువును ఖనిజప్రధానములగుటచే నిలిచినవి. మజ్జ మాత్రము జంతువు చచ్చిన కొలదికాలములోనే కుళ్ళి పోయినది. కాని ప్రాచీనదంతములను కోసి చూచినచో, అది యున్న గది అట్లే యున్నది. అందులో ఒండ్రో, నీటివెంట వచ్చిన ఖనిజమో చేరియుండును. గది గోడలో సూక్ష్మనాళములు సైతము గానవచ్చును. ఇంకను వెనుకకు పోయినచో, దంతధాతువు నోటిలో పుట్టినది కాదనియు, ప్రాచీనమత్స్యముల చర్మముపైని కవచములో పుట్టినదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంచుమించు 46 కోట్ల యేండ్ల క్రిందటి ఎరిప్టికియస్ అను చేప కవచములో ఈ గొట్టములే గలవనియు, అవి పరిసరజలములను స్పర్శించి తెలిసికొనుటకు ఉపయోగపడి యుండుననియు 2025లో నేచర్ పత్రికలో ప్రకటితమైన పరిశోధన ప్రతిపాదించుచున్నది. నేటి సొరచేపల చర్మముపై నున్న గరుకుముండ్లలోను దంతధాతువు, మజ్జ, నాడులు గలవు. అనగా నమలుటకంటె ముందు తెలిసికొనుటయే దంతధాతువు పని యైయుండవచ్చును. చన్నీటికి పన్ను జివ్వుమనుట పంటి లోపము గాదు. బహుశః అది దాని తొలి విద్య.

గోడల నడుమ బంధితమైన మజ్జ

ఇంతవరకు చెప్పినది రెండు క్షణముల నొప్పి. రాత్రి నిదురపట్టనీయక సలుపు నొప్పి వేరు. దాని పుట్టుక తెలియుటకు పిప్పిపన్ను తీరు తెలియవలెను.

పంటికి పురుగు పట్టినదనుట నేటికిని మన పల్లెలలో వాడుక. వాకుడుగింజల పొగ పట్టించి పురుగులను రాల్చుదుమనువారును గలరు. ఫ్రాన్సు దేశపు పియర్ ఫోషార్ 1728 నాటి తన దంతవైద్య గ్రంథములోనే, సూక్ష్మదర్శినితో వెదకినను తనకు పురుగు కానరాలేదని వ్రాసెను. పంటిని తొలుచునది ఆమ్లము. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, మెత్తని పిండిపదార్థమును తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము ఖనిజమును కరగించును. పింగాణి కరగుచున్నంతకాలము నొప్పి లేదు. దంతధాతువును చేరినంతనే వేగము హెచ్చును. ఏలయన పింగాణికంటె తక్కువ ఆమ్లమునకే అది కరగును. పైగా ఆ రెంటి కలయికయందు కుళ్ళు పక్కలకు వ్యాపించును. అందుచే పైన ఒక నల్లని చుక్కమాత్రము కనబడుచుండగా లోపల పెద్ద గుంట పడియుండుట తరచుగా జరుగును. సూక్ష్మజీవులు గొట్టములలో దూరునంత చిన్నవి. అవి వరుసకట్టి మజ్జ వైపునకు సాగును.

మజ్జ ఊరకుండదు. దంతజనక కణములు ఆపద నెరిగి, గొట్టములను ఖనిజముతో పూడ్చును. తమ వెనుక కొత్త దంతధాతువును వేగముగ పేర్చి గోడను మందముచేయును. ఆ కణములు చచ్చినను మజ్జలోని వేరు కణములు వాని పనికి సిద్ధపడును. ఇట్టి మూలకణములు మజ్జలో గలవని 2000 సంవత్సరమున నిరూపితమైనది. కుళ్ళు మెల్లగా సాగినచో ఈ గోడయే గెలుచును. వైద్యుడు సకాలమున కుళ్ళును తొలగించి, మజ్జకు దాపున కాల్షియము హైడ్రాక్సైడు వంటి మందునుంచి గుంటను పూడ్చినచో, మజ్జ తన గోడను తానే కట్టుకొనును. పైపైన గుంట నింపుట చిన్నపని యని తలపరాదు. లోపలి సేనకు అది సమయమిచ్చును.

ఆ సమయము దాటినచో వచ్చునది వాపు. వ్రేలికి దెబ్బతగిలినచో వ్రేలు వాచును, చర్మము సాగును, క్రమముగా తగ్గును. మజ్జకు సాగుటకు చోటు లేదు. చుట్టును దంతధాతువు గోడ. రక్తము హెచ్చి, ద్రవము ఊరి, పీడనము పెరిగి, నాడులు నలుగును. పడుకొన్నపుడు తలకు రక్తపుపోటు హెచ్చును గనుక నొప్పి రాత్రులే విజృంభించును. ఈ నొప్పిని మోయు సన్నని నాడులకు స్థానము చెప్పుటలో నేర్పు తక్కువ. కావున క్రింది పన్ను నొప్పి చెవిలోను, కణతలోను, ఒక్కొక్కప్పుడు పైపంటిలోను తోచును. చన్నీరు తీసివేసిన తరువాత సైతము నిమిషములకొలది నొప్పి నిలిచియున్నచో, లేక కారణము లేకయే సలుపు పుట్టినచో, మజ్జ మరల కోలుకొనలేని స్థితికి చేరుచున్నదని వైద్యులు గ్రహింతురు.

ఇచ్చట ఒక మాట పాఠకులు ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. మూడు నాలుగు రాత్రులు వేధించిన నొప్పి హఠాత్తుగా మాయమైనచో మనవారు దేవునికి దండము పెట్టి, వైద్యుని కడకు పోవుట మానుకొందురు. అది రోగము కుదిరిన గుర్తు గాదు. మజ్జ చచ్చిన గుర్తు. చచ్చిన మజ్జలో సూక్ష్మజీవులు నిరాటంకముగ పెరిగి, వేరు కొన రంధ్రముగుండ దవడయెముకలోనికి దిగును. నెలలకో, యేండ్లకో చీముగడ్డయై, చెంప వాచి, జ్వరముతో మంచమెక్కించునపుడు మొదటి నొప్పి సంగతి యెవరికిని జ్ఞాపకముండదు. అప్పటికి పన్ను తీయుటయో, వేరునాళములను శుభ్రపరచి నింపు రూట్‌కెనాల్ చికిత్సయో తప్ప వేరు దారి లేదు.

పెరుగుచున్న పన్ను

దంతధాతువు పంటితోపాటు ఒకసారి తయారై ఆగునది కాదు. పన్ను పెరుగునపుడు దినమునకు సుమారు 4 మైక్రాన్ల మందమున, అనగా మిల్లీమీటరులో 250వ వంతు, కణములు దానిని పేర్చును. వేరు పూర్తియైన తరువాత వేగము చాల తగ్గును గాని పని ఆగదు. జీవితాంతము లోపలివైపున ధాతువు చేరుచునే యుండును, మజ్జగది యేటేట చిన్నదగుచునే యుండును. అందుచేత వృద్ధుల పన్నునకు చురుకు తక్కువ. న్యాయస్థానములకు వయస్సు నిర్ణయించు పరీక్షలలో గూడ ఈ మార్పును లెక్కకు దీసికొందురు. స్వీడన్ దేశపు గుస్తాఫ్‌సన్ 1950లో అట్టి పద్ధతి నేర్పరచెను.

పిల్లలలో నిది విపరీతము. వారి పాలపండ్లలో దంతధాతువు పలుచన, మజ్జ విశాలము. పిప్పి కొలది నెలలలోనే మజ్జను ముట్టును. అక్షరాభ్యాసమునకు బాసరకు తీసికొనివచ్చు మూడు నాలుగేండ్ల శిశువు నోట ఇరువది పాలపండ్లుండును. కాని ఆ శిశువు దవడయెముకలో, కంటికి కనబడక, శాశ్వతదంతముల శిరస్సులు ఆ సమయముననే పేరుకొనుచుండును. తల్లిదండ్రులు పాలపండ్లెట్లును ఊడిపోవునవే గదా యని పిప్పి నుపేక్షింతురు. చచ్చిన పాలపంటి వేరునుండి దిగిన చీము ఆ క్రిందనున్న శాశ్వతదంతమునకు చెరుపు చేయగలదు.

అంతకంటె పెద్ద పొరపాటు ఆరవయేట జరుగును. పాలపండ్లలో ఒక్కటియు ఊడకయే, వాని వెనుక భాగమున, రెండు దవడలలో ఇరువైపుల ఒక్కొక్కటిగ నాలుగు పెద్ద దవడపండ్లు వచ్చును. ఏదియు ఊడలేదు గనుక ఇవియు పాలపండ్లే యని పెద్దలు తలంతురు. ఇవి శాశ్వతదంతములు. తలపై లోతైన గాడులుండుటచే వీనికే పిప్పి ముందుగ పట్టును. పైకి వచ్చినప్పటికి వేరు సగమే తయారై, కొన విశాలముగ తెరచుకొనియుండును. వేరు పూర్తియగుటకు ఇంకను మూడేండ్లు పట్టును. ఆ మూడేండ్లలో మజ్జ చచ్చినచో, దంతధాతువును పేర్చు కణములు లేక, వేరు గోడలు పలుచగనే నిలిచిపోవును. యౌవనమున గట్టిపదార్థమును కొరికినంతనే అట్టి పన్ను విరుగవచ్చును. కావున ఈ వయస్సున మజ్జను సజీవముగ నుంచుటకే వైద్యులు ఎంతయో ప్రయత్నింతురు.

అయిదు నిండిన పిల్లవాని నోటిని వెలుతురులో తెరిపించి, పాలపండ్ల వెనుక చూడుడు. కొత్త దవడపన్ను కనబడినచో, నొప్పి లేకున్నను, జిల్లా ఆసుపత్రిలోని దంతవైద్యునకు చూపుడు. గాడులను పూతతో మూయుట కొలది నిమిషముల పని, నొప్పి లేని పని. ఆ పన్ను క్రింద దానికి బదులుగ రాదగిన మరియొక పన్ను లేదు.